నూట ఇరవై ఏడు పండ్ల చక్రం

అండర్ బ్రిడ్జి పక్క సందుల నా షెడ్డు.
లోపల ఒకటే లేతు.
దాని నుదుట ఇత్తడి బిళ్ళ: సిన్సినాటి, ఒహాయో.
ఇంగ్లీషు కూడబలుక్కునే రోజుల్లో
అది దాని ఇంటిపేరనుకున్న.

మా ఉస్తాదు గౌసుద్దీన్ చెప్పేటోడు:
లడాయి రోజులు. ఆజంజాహి మిల్లు
మూడు షిఫ్టులు ఖాకీ నేస్తున్నది.
కర్రపెట్టె విప్పితే పరాయి వాన వాసన,
ఒళ్ళంత గ్రీజు పూసుకొని, బాలింత తీరు, ఇది.
చక్కులు వచ్చినయి, పానలు వచ్చినయి,
నూనెడబ్బ సుత వచ్చింది.
ఒక్క చక్రం రాలేదు.
వెనక ఓడల వస్తదన్నరు.
వెనక ఓడ రానే లేదు.

వడికే మిషన్లేమో జర్మనీవి.
జర్మనీ బోల్టు మిల్లీమీటరు మాట వింటది,
అమెరికా లేతుకు అంగుళమే భాష.
అక్కడ వాళ్ళిద్దరు బాంబులేసుకుంటుంటె
ఇక్కడ ఒక్క రేకుల కప్పు కింద
ఒకరి మర ఇంకొకరికి ఎక్కాలె.
ఇద్దరి నడుమ దుబాసి ఆ పోయిన చక్రమే,
నూట ఇరవై ఏడు పండ్లది.

నూట ఇరవై ఏడు.
సగం కాదు. మూడుకు రాదు, ఏడుకు రాదు.
ఎట్ల పంచినా ఎక్కడో కొంత మిగిలి
పంచినోన్ని చూసి నవ్వుతది.
కందోజు సోమాచారి ఆరు రాత్రులు
గుండ్రటి రేకు ముందు కూసున్నడు.
ఆరో రాత్రి కంపాసు ఇసిరికొట్టిండు.
అది పోయి రాజవీరు కాళ్ళకాడ పడ్డది.

రాజవీరు నేతగాడు, బీడీ ఆర్పి
లెక్కంత విన్నడు.
"పోగుకు భాగారం తెల్వది మేస్త్రీ,
వరుస తెలుసు" అన్నడు.

ఇంటి మగ్గం మీద, దీపం పెట్టుకొని,
పదకొండు తెల్ల పోగులు, ఒక ఖాకీ పోగు,
మళ్ళ పదకొండు, మళ్ళ ఒకటి,
నూట ఇరవై ఏడు ఖాకీ గీతలొచ్చే దాక
రెండు మూరల పట్టీ నేసిండు.
ఏటూరునాగారం టేకు బిళ్ళకు చుట్టిండ్రు.
పెద్దగైతె చెక్కి, మళ్ళ చుట్టి,
కొసకు కొస ముద్దుపెట్టుకునే దాక చెక్కిండ్రు.
ఆ బిళ్ళను, పాత పంపు మూతను
ఒక్క ఇరుసుకు గుచ్చి
ఖాకీ గీత కాడ ఆపి ఒక గాటు,
జరిపి, ఆపి, ఇంకో గాటు.
తన పండ్లను తానే కోసుకున్నది లేతు.

జర్మనీ మిషన్ తిరిగింది.

జ్ఞాపకానికని పట్టీని నడుముకు చుట్టుకొని
రాజవీరు గేటు దాటబోతె జవాను తడిమిండు.
మిల్లు ఖాకీ నూలు, వేస్టుదైనా మిల్లుదే.
జుర్మానా: హాలీ ఎనిమిది అణాలు.
పట్టీ జప్తు.
గడియారాలు తుడిచెటోడు
దాన్నే తుడుపుగుడ్డ చేసుకున్నడట.

మిల్లు మూతపడ్డంక వేలంల
లేతును తూకం లెక్కన కొన్నడు ఉస్తాదు.
చక్రానికి వేరే ధర కట్టలేదు ఎవ్వరు.

ఇప్పటికీ మిల్లీమీటర్ల మర కోసేటప్పుడు
దాన్నే ఎక్కిస్త.
ఒక పన్ను జర మందం, చుట్టుకొకసారి టక్కుమంటది.
ఆ గీత కాడ ఒక పోగు ఎక్కువ పడ్డదేమో,
అప్పుడే రాజవీరు బిడ్డ ఏడ్చిందేమో,
దీపమే కొడిగట్టిందేమో.
కంప్యూటర్ లేతు నేర్చిన పిలగాడు
"అన్నా, అరగదీద్దామా" అంటడు.
మొన్న ఆకురాయి చేతిల పట్టుకున్న కూడ.

సిన్సినాటిల ఎవరో ఒకరు
ఆ మునిగిపోయిన చక్రానికి ఆఖరి పన్ను కోసి,
చేతులు తుడుచుకొని, రొట్టె డబ్బ విప్పుకొని ఉంటడు.
అది చేరలేదని ఆయనకెవరు చెప్పిండ్రు?

బయట పరకాల రైతు నిలబడ్డడు,
భుజం మీద మోటరు షాఫ్టు,
కరెంటు నాలుగింటికి పోతదట.
ఆకురాయి పక్కకు పెట్టిన.
టక్.