ముందు జుట్టు

కొండ మీద కల్యాణకట్ట, రాత్రి షిఫ్టు.
నీళ్లు చల్లి మెడ వంచినాక
తిరుపతి కాలేజీలో రిటైరైన లెక్చరరు
చెప్పుకొచ్చాడు:
"రోములో ఒక అదృష్టదేవత ఉండేదమ్మా,
ముందు మాత్రమే జుట్టు, వెనకంతా నున్నన.
ఎదురొచ్చినప్పుడే ఒడిసిపట్టాల,
దాటిపోయిందా, వేళ్లకి ఏమీ చిక్కదు."

చెంగమ్మ బ్లేడు మార్చింది.
"సగం గీసి వదిలేసిందెవురు సామీ,
కూలి తక్కువిచ్చినారా?"

ఆడదాని చేతికి కత్తేందని
గేటు కాడ అరిచిన రోజు
తన చెయ్యి వణికింది, బ్లేడు వణకలేదు.
ఆ తర్వాత ఎన్ని తలలో.
చీటీ పాడుకున్నోడు, చీటీ ఎగ్గొట్టినోడు,
తడిస్తే ఇద్దరికీ అదే మెడ,
అదే చిన్న జంకు.

"ఆ తల్లే ఈడికొచ్చి కూకున్నా సరే"
అంది, గడ్డం పట్టి పైకెత్తి,
"నేను మొదలుపెట్టేది
ముందు జుట్టుతోనే."