అంచు మీద గోరు

వాన వెలిసిన ఆదివారం, యాబ్లొనెత్స్ సంతలో
తడి బల్ల మీద ఆరు వైన్ గ్లాసులు,
లేత నిమ్మకాయ పచ్చ.
ఎండ పడగానే మెరిశాయి.
మెరిసేదాన్ని వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు.

కళ్లద్దాలు తీసి జేబులో వేసుకున్నాను.
గాజును ముందు చూడాల్సింది గోటితో.
అంచు మీద పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే
ఎక్కడ పంటిగాటు ఉందో అక్కడ ఆగి
ఇదుగో అంటుంది.

"అన్నీ బాగున్నాయి పెద్దమ్మా, మా తాతవి"
అన్నాడు వోయ్తెఖ్, అమ్మే కుర్రాడు.
బాగున్నాయన్న మాట నేనూ చాలాసార్లు అన్నాను, బాబూ.

మొదటిదాన్ని వేలితో మీటాను.
మోగి, మోగి, తనంతట తానే ఆగింది.
రెండోదీ అంతే.
మూడోదాని అడుగున సన్నని గీతలు,
బల్లల మీద అటూ ఇటూ జరిగిన ఏళ్లు.
అవి లేని పాతగాజు అబద్ధమాడుతుంది.
నాలుగోదానిలో ఆవగింజంత బుడగ.
అది దెబ్బ కాదు. ఊదినవాడి ఊపిరి,
వాడు పోయినా బయటికి రాలేదు.
ఐదోదాన్ని పట్టుకుంటే వేలు జారింది. నూనె.
రుమాలుతో తుడిస్తే లోపలి తెల్లమసక బయటపడింది,
కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఆరోది.
గోరు ఎక్కడా ఆగలేదు.
అదే అనుమానం.
పక్కదానితో కలిపి కంటి ఎత్తున పట్టాను:
వెంట్రుకవాసి పొట్టి.
భూతద్దం పెట్టాను:
సానగీతలన్నీ ఎడమకి ఒరిగి ఉన్నాయి.

ఎడమకి.

ష్కోర్పిల్ గారి కొట్టు వెనక గదిలో
పంతొమ్మిదేళ్లు సానచక్రం ముందు కూర్చున్నాను.
విరిగి అతుక్కున్న మణికట్టు,
ఎంత సరిచేసుకున్నా ఎడమకే వాలేది.
పెచ్చులేచిన అంచుల్ని అరగదీసి, నునుపుచేసి
సాయంత్రం జీతంతో రొట్టె కొనుక్కుని
ఇంటికి పోయేదాన్ని.
ఎవరికి అమ్ముతున్నాడో అడగలేదు.

ఈ పిల్లాడి తాతకన్నమాట.

"దానికేమైనా ఉందా పెద్దమ్మా?"
ఉందంటే ధర దిగుతుంది.
లేదంటే, అది నాకు బాగా అలవాటైన మాట.

"ఇది అరగదీసిన గ్లాసు" అన్నాను.
"అరగదీసింది నేను."
వాడికి అర్థం కాలేదు. బేరమనుకుని సగం చెప్పాడు.
మిగతా ఐదూ వాడికే వదిలేసి
ఆ ఒక్కదాన్నీ పూర్తి ధరకి కొన్నాను.

ట్రాములో, ఒళ్లో పాత పేపరు పొట్లం.
మడతలోంచి గోరు దూర్చి
అంచు చుట్టూ మళ్లీ తిప్పాను.
ఇప్పటికీ ఎక్కడా తగలదు.
ఎంత బాగా చేశాను,
ఆ పాడు పని.