తొమ్మిదా, పదా

సుంకి చెక్‌పోస్టు దాటాక ఎడమపక్క రేకుల షెడ్డు.
బోర్డు మీద ఒడియాలో ఒక పేరు, తెలుగులో ఇంకో పేరు,
రెండూ దాలినాయుడివే.
స్పానర్లు అందించేదాన్ని నేను.

జయపురం రైసుమిల్లు బెహరా గారు
రెండు లాన్సర్లు ఒకే పొద్దున తెప్పించాడు.
ఒకటి ఈవో తొమ్మిది, ఒకటి పది.
"ఒకటి అమ్మేయాలి నాయుడూ, ఏది ఉంచుకోను?"
అని అల్లం టీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు,
సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడి పక్కన
డబ్బు లెక్కపెట్టేవాడిలా.

తొమ్మిది బానెట్ ఎత్తితే
పోత ఇనుప బ్లాకు, ఎంత తుడిచినా పోని నూనె జిడ్డు,
పంటి బిగువున తిరిగే బెల్టు.
అది తెగిందా, వాల్వులన్నీ వంగి కూర్చుంటాయి.
పదికి బెల్టు లేదు, గొలుసు.
బ్లాకు అల్యూమినియం. వేలితో కొడితే
గిన్నెల కొట్టు గుర్తొచ్చింది నాకు.

ముందు తొమ్మిదిని సాలూరు వైపు దించాడు.
ఏడో మలుపులో పొగమంచు.
మూడు నుంచి రెండుకి గేరు మార్చాడు,
టర్బో ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది,
నా కడుపు ముందు వెళ్ళిపోయింది,
వెనకాలే కారు.
రోడ్డు మీది ప్రతి గులకరాయీ
అరికాళ్ళకి పేరు చెప్పి మరీ పోయింది.
నాయుడు నవ్వుతున్నాడు, పుప్పిపన్ను కనబడేలా.

పదికి క్లచ్ పెడలే లేదు.
తడి ఆకుల మీద వెనక చక్రం జారబోయిందట,
మాకు తెలిసేలోపే
ఏ చక్రానికి ఎంత ఇవ్వాలో లెక్క తేల్చేసింది.
నాయుడి చేతులు స్టీరింగు మీద
చుట్టపుచూపుకొచ్చినట్టు ఊరికే ఉన్నాయి.
"బాగా పెంచినారు దీన్ని" అన్నాడు.
మెచ్చుకోలో, ఎత్తిపొడుపో.
నా మట్టుకు నాకు
వాంతి రాకుండా ఘాటీ దిగడం అదే మొదలు.
వాచీలో కూడా పదే ముందు, నాలుగు సెకన్లు.

"తొమ్మిదిని నాను నడిపినాను బాబూ,
పది నన్ను దింపినాది. మరేటి సెప్పీది?"
"అయితే పదిని అమ్మేస్తా."
"ఆగండి" అని నాయుడు వంగి
చక్రం కింద అడ్డుపెట్టిన ఎర్రరాయి తీశాడు.
"దమన్‌జోడిలో పన్నెండేళ్ళు డంపర్లకి గ్రీజు పెట్టినాను.
ఈ కొండే ముక్కలై రైలెక్కీది.
ఎక్కడికెల్లి ఏటయినాదో ఎవులికి తెలుసు?"
బెహరా రాయిని చూశాడు, టీ గ్లాసు చూశాడు,
బిల్లెంత అన్నాడు.

తొమ్మిదే పోయింది చివరికి.
కొన్న విశాఖ ఆసామి లారీ మీదకెక్కించి, గుడ్డ కప్పి,
అన్ని మలుపుల్లోనూ
ఒక్క చక్రమూ తిరగనీయకుండా తీసుకుపోయాడు.

పది ఆరునెలలకోసారి సర్వీసుకొస్తుంది.
జాకీ ఎత్తేముందు
వెనక చక్రానికి ఆ రాయే పెడతాను.
ఇటుకలున్నాయి, చెక్క దుంగ ఉంది.
అయినా దాన్నే వెతుకుతాను.