వంతు నీరు

లొల్ల లాకుల దగ్గర
ముప్పైనాలుగేళ్లు లస్కరు పని చేసినోణ్ణి.
ఏ షట్టరు ఎన్ని చుట్లు తిప్పితే
శివారు చేలకి ఎన్ని అంగుళాలు పారుతుందో
చీకట్లో చేత్తో చెప్పేవాణ్ణి.

అలాంటోణ్ణి, అరవై ఎనిమిదో ఏట
పెరటి గోడకి నుదురానించి
బొట్టు కోసం బతిమాలుకున్నాను.

పదకొండుకోసారి. పన్నెండున్నరకి.
రెండింటికి. మూడింటికి.
నాలుగింటికి మళ్లీ, లేచింది వృథా పోకూడదని
నించునే కునుకు తీసి.
"ఇంకా ఈ వంతు కాపలా ఏంటండీ"
అని మా సూరాయమ్మ నిద్రలోనే నవ్వేది.
ఆ నవ్వు మానేసిన రోజు భయమేసింది.

పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను.
రాజమండ్రి బస్సు జొన్నాడ వంతెన ఎక్కగానే
కళ్లు మూసుకునేవాణ్ణి.
గౌతమిలో అంత నీరు చూస్తే ఆగదు.

మా మేనమామ గన్నెయ్యకీ ఇదే.
అప్పట్లో కాకినాడ పెద్దాసుపత్రిలో పొట్ట కోశారు.
మూడు సీసాల రక్తం, నెల్లాళ్ల మంచం.
ఆ మచ్చ, పూడ్చిన గండిలా
నే చూసినప్పుడల్లా మెరిసేది.
నా ఆలస్యమంతా ఆ మచ్చే.

కార్తీకంలో ఓ రాత్రి మొత్తం కట్టేసింది.
పొట్ట కుండయింది.
ఆటోలో ప్రతి గుంతనీ పేరు పెట్టి తిట్టాను.

డాక్టరు కలిదిండి హైమావతి. మా అమ్మాయి ఈడు.
నేను నేల చూశాను. ఆవిడ తెర చూసింది.
"ఉసిరికాయంత ఉండాల్సింది
నిమ్మకాయంత అయిందండీ. క్యాన్సరు కాదు."
మాత్రలకి తల తిరిగి గట్టు మీద పడ్డ సంగతి చెప్పాను.
ఆవిడ చీటీ వెనక బొమ్మ గీసింది.

సన్న కొండీలేసి రెండు పక్కలకీ లాగి కట్టడం ఒకటి.
తూటికాడని తాడేసి ఒడ్డుకి లాగినట్టు, అనుకున్నాను.
మణికట్టులోంచి తీగ పంపి
దానికి పారే నెత్తుటిని రవ్వలతో మూసెయ్యడం ఒకటి.
బోదె కట్టేస్తే చేను ఎండదూ!
ఇంకోటి ఆవిరి.
తొమ్మిదేసి సెకన్లు, నాలుగు చోట్ల.

"ఆవిరా? పొట్టిక్కలకి పెట్టినట్టా?"
ఆవిడ నవ్వింది. అప్పుడు తలెత్తాను.

"వెంటనే తగ్గదు. ఉడికిన కండ
వారాల మీద కరగాలి.
కొందరికి కొన్నేళ్లకి మళ్లీ చెయ్యాల్సొస్తుంది."
పూడిక తీసిన కాలవ మళ్లీ పూడుతుందని
ఏ ఇంజనీరూ నాతో ఇంత సూటిగా అనలేదు.
సరేనన్నాను.

పొద్దున లోపలికి, సాయంత్రం ఇంటికి.
ఒక్క కుట్టు లేదు.
వారం రోజులు పంచె కింద గొట్టం, సంచీ.
తీశాక మంట.
మూడో వారం దాకా ఆవిణ్ణి తిట్టుకున్నాను,
నవ్విన నవ్వుతో సహా.

ఆరో వారం, ఓ వేకువ,
గోడకి నుదురానలేదు.
ధార మందారం మొదలు దాకా పోయింది.
పాత అలవాటు,
ఎన్ని చుట్ల నీరో లెక్కకట్టాను.

టీ బడ్డీ దగ్గర గట్టిగానే చెప్పాను.
నలుగురు గ్లాసుల్లోకి చూశారు.
ఒకడు కొబ్బరి ధర ఎత్తుకున్నాడు.

తిరిగొస్తుంటే గట్టు మీద వెనకాల చెప్పుల చప్పుడు.
లాంచీ సరంగు అబ్బులు.
మైలు దూరం నుంచి లాకు తియ్యమని
కేకేసే గొంతు, గుసగుసగా:
"ఆవిరన్నావు. నొప్పేనా?"
"కాస్త."
కాలవ చూశాడు.
"డాక్టరు ఆడమనిషా?"
"ఆయ్."
ఇంకా కాసేపు చూశాడు.
ఇక ఆగలేక
తూటిపొదల వెనక్కి నడిచాడు.

నేను అటు తిరిగి నించున్నాను.
అతని లాంచీ లాకు దాటేదాకా
ఎప్పుడూ నించున్నట్టే,
నాకేం తొందర లేదన్నట్టు.