దిన్నె కొళాయి

కంబలపల్లికి నాలుగు రోజులకోసారి నీళ్లు.
ఊళ్లో ఆరింటికి వస్తాయి,
దిన్నె ఎక్కేసరికి ఏడున్నర.
ఆ గంటన్నరను కొలిచే పరికరం
మా ల్యాబులో లేదు.

స్పిరిట్ మంటతో కొళాయి మూతి కాల్చి
రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి
సీసా పడుతుంటే వన్నూరక్క అరిచింది:
"ఏమ్మే, కడవ నీళ్లు నేలపాలు చేస్తివే!"
నిజమే. పుస్తకంలో రాసుకున్నాను:
నమూనా రెండు. దిన్నె. వృథా, ఒక కడవ.

ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని
కళ్యాణదుర్గం బస్సులో అనంతపురం దాకా.
పక్కసీటాయన అడిగాడు, "చేపలామ్మా?"
ఇంకొంచెం చిన్నవి, అన్నాను.

వీటికి పలచని తిండే పెట్టాలి.
బలమైనది పెడితే
ముందు వరసలోవే ఎగబడి తినేస్తాయి.
కరువుకు అలవాటైనవి
కరువులోనే బయటపడతాయి.

వారం దాకా పళ్లెంలో ఏమీ లేదు.
తొమ్మిదో రోజు పొద్దున
ఆవగింజలో సగం.
పసుపనలేను, ఎరుపనలేను,
జొన్నరొట్టె పొంగినప్పుడు
పొక్కు అంచున వచ్చే రంగు.

గ్రామ్ రంగు వేస్తే గులాబీ తేలింది.
పెరాక్సైడ్ చుక్కకు నురగ కక్కింది.
చక్కెరలు ఒక్కొక్కటే వడ్డించాను:
గ్లూకోజు తిన్నది, లాక్టోజు ముట్టలేదు,
పాడి ఉన్న ఇంట్లో పుట్టలేదేమో.

బెంగళూరు నుంచి జన్యువు చదివి పంపారు,
పద్నాలుగు వందల పైచిలుకు అక్షరాలు.
లోకంలో తెలిసినవాటన్నిటి పక్కనా నిలబెట్టి చూస్తే
అన్నిట్లోకీ దగ్గరి చుట్టం కొరియాలో ఎక్కడో,
పోలిక నూటికి తొంభై ఆరు.
తొంభై ఎనిమిదిన్నరకు అటూ ఇటూ ఒక గీత ఉంటుంది.
గీతకు ఇవతల ఉంటే
వేరే జాతి.

జాతి.

ఈ మాట పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు నేను.
మా అవ్వ చెప్పేది:
బావిగట్టుకు పదడుగుల అవతల కడవ పెట్టుకుని
ఎవరైనా చేది పోసేదాకా ఎండలో నిలబడేదట.
పోసేవాళ్లు పైనుంచి పోసేవాళ్లు,
అంచుకు అంచు తగలకుండా,
ఒక్క తుంపర వెనక్కి చిందకుండా.
అంత జాగ్రత్తగా ఒంపడం నేర్చుకోడానికి
నాకు ల్యాబులో రెండేళ్లు పట్టింది.

తర్వాత నమూనా ఒకటి పళ్లెం తీశాను.
ఊరి కొళాయిది, చావిడి ముందరిది.
పదకొండో రోజు అందులోనూ అదే పొక్కు రంగు.
చదివించాను. ఒక్క అక్షరం తేడా లేదు.
ఒకే ట్యాంకు, ఒకే పైపు,
పైపు లోపల ఒకే పాచి.
దానికి ఎవరూ చెప్పలేదు, పాపం,
ఊరు ఎక్కడ ఆగుతుందో
దిన్నె ఎక్కడ మొదలవుతుందో.

సార్ అన్నాడు, "కంబలపల్లెన్సిస్ అందాం,
లాటిన్‌లో హుందాగా ఉంటుంది."
మూల నమూనా దిన్నెది సార్, అన్నాను.
ముందు మొలిచింది అక్కడిదే.
కళ్లద్దాలు తీసి తుడిచాడు,
తుడిచినవే మళ్లీ తుడిచాడు.
"దిన్నెన్సిస్..." అని నోట్లో నానబెట్టి
సరే, రాసేయ్, అన్నాడు.

గడ్డకట్టించి ఆరబెట్టిన ఒక గొట్టం పుణెకు,
ఒక గొట్టం జపానుకు.
రెండు దేశాల్లో దాస్తే గానీ
పేరు నిలబడదు.

వన్నూరక్కకు చెప్పడానికి పోయాను.
"తాగితే ఏమన్నా అయితాదా?"
తెలీదక్కా. ఇన్నాళ్లు మీతోనే ఉన్నట్టుంది,
కీడు చేసిన గుర్తయితే ఇంతవరకు దొరకలేదు.
"దాని పేరేమంటివి?"
చెప్పాను. రెండుసార్లు నాలుక మడతపడింది.
మూడోసారి ఆగి నా మొహంలోకి చూసింది.
"మన దిన్నేనా?"

కొళాయి బుసకొట్టింది. ముందు గాలి,
తర్వాత తుప్పు, తర్వాత నీళ్లు.
నేను సీసా మూత తీయబోతే
మోచేత్తో నెట్టేసింది.
"పేరు పెడితే పెట్టినావులే గానీ
నా కడవ నిండినాక పట్టుకో."