నిండు డబ్బా

హిర్వి వేట సీజను ఇంకా నాలుగు రోజులుందనగా
మా కొట్టు నిండా తడిసిన కుక్కల వాసన,
అద్దాల మీద ఆవిరి.
వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: ఏ తూటా?

హిర్వి అంటే దుప్పుల్లో ఏనుగు.
భుజం దగ్గరే మనిషికన్నా ఎత్తు.
అంత ఒళ్లూ వేసుకుని చిత్తడిలో నడుస్తుంటే
ఇలోమంత్సి అడవికి వినబడదు.

పదకొండేళ్లుగా నేను చేసేదల్లా
డబ్బా మీది అంకెలు చదవడం.
ఇది పద్దెనిమిదిన్నర గ్రాములు, సీసం.
లోపల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది,
తునకలు రాలుస్తుంది.
ఇది పదహారు, రాగి.
నాలుగు రేకులు విప్పుతుంది, ఒక్కటీ రాల్చదు.
ధర రెట్టింపు.

"మా నాన్న సీసంతోనే అరవై పడగొట్టాడు" అంటాడు తైస్తో.
కిందటేడు యాభై నాలుగు.
ముసలాయన పోయాక కూడా వేట మానలేదు.

నేను నవ్వి ఊరుకుంటాను.
వెనక గది గోడకి ఒక ఫోటో ఉంది:
మంచులో మెడ వాల్చేసిన తెల్లతోక గద్ద.
ఎవరో వదిలేసిన పేగుల్లో
గసగసాలంత సీసం తిన్నది.
రెక్కలు విప్పి వెతికాం, గాయమే లేదు.
ఆ సీసం అమ్మింది నేనే కావచ్చు.

మంగళవారం కొట్టు కట్టేసే వేళకి హిల్క్క వచ్చింది.
పోయిన మొగుడి రైఫిలు, మొగుడి కోటు,
చేతులు రెండు మడతలు పెట్టుకుని.
ఈ ఏడు ఆయన నిలబడే చోట తను నిలబడుతుందట.
డబ్బాలు వరసగా పేర్చి
అంకెలు ఎత్తుకోబోతుంటే ఆపింది.

"సరిగ్గా తగిలితే ఏదైనా చంపుతుంది కదా.
తప్పు తగిలితే
ఏది తక్కువ నొప్పి?"

ఆ అంకె డబ్బా మీద లేదు.
నిజంగానే తిప్పి చూశాను,
అడుగున కూడా.
ఎర పురుగులుండే ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఏదీ కాదు" అన్నాను చివరికి.
"ఎనభై మీటర్లు దాటితే కాల్చకు.
పక్కకి తిరిగేదాకా ఆగు.
తిరగకపోతే ఇంటికెళ్లి కాఫీ పెట్టుకో."

రాగివి రెండు డబ్బాలు తీసుకుంది.
ఒకటి మొత్తం కాగితం మీద కాల్చడానికి.
"రెండోదో?" అన్నాను.
"పందొమ్మిది మిగలాలి" అంది.

ఆదివారం చీకటి పడ్డాక కొట్టు ముందు కారు ఆగింది.
ఇంజన్ ఆపలేదు, దిగలేదు.
అద్దం దించి
డబ్బా చెవి దగ్గర పెట్టి ఊపి చూపించింది.
మోగలేదు.
కాఫీకి పాలు ఉన్నాయా అని అడిగింది.