జేబు లేని వైపు

ముందు చొక్కా చెప్పింది.
జేబు లేని వైపు, లోపల,
పెసరబద్దంత మరక.
టీ అనుకుని ఉతికాను, రెండుసార్లు.
మూడోసారి తెలిసింది
అది బయటినుంచి పడింది కాదని.

బల్లరాట్‌లో జూలై.
తెల్లవారుజామున స్కూలు బస్సు అద్దం మీద మంచు గీకి
సీట్లో కూర్చుంటే
బెల్టు రాసుకునే చోట చింతపిక్క తగిలింది.
గట్టిగా ఉంది. జరగదు.
నొప్పి మాత్రం లేదు.
నొప్పి పెట్టనిదాన్ని రోగమని ఎవరంటారు?
పన్నయినా మోకాలయినా మా ఇంట్లో
నొప్పే సాక్షి.

తర్వాత చనుమొన లోపలికి తిరిగింది,
తప్పు చేసి తలుపుచాటుకు నక్కిన పిల్లాడిలా.
చుట్టూ చర్మం సొట్ట పడింది.
అద్దంలో చూసి
అద్దాన్ని తుడిచాను.

ఐదు నెలలు.

ఒక రాత్రి హైమ చెయ్యి అక్కడికొచ్చి ఆగింది.
"ఇదేంటి?"
"కొవ్వు గడ్డ."
"ఎప్పట్నించి?"
ఆమె లేచి లైటు వేసింది.

క్లినిక్‌లో గోడలు గులాబీ రంగు.
ఫారంలో 'ఆఖరి నెలసరి ఎప్పుడు' అని ఒక గడి.
కొట్టేయాలా, వదిలేయాలా?
"మిసెస్ చుండూరి!" నర్సు పిలిచింది.
హైమ కదల్లేదు.
నేను లేచాను.
పదకొండుమంది ఆడవాళ్ళు పత్రికల్లోకి చూశారు.

పట్టుకోడానికేమీ లేనిచోట
కొంచెం పోగుచేసి పలకల మధ్య నొక్కారు.
ఊపిరి ఆపమన్నారు.
ఐదు నెలలుగా ఆపుతున్నదే కదా.

మన భాషలో రొమ్ము విరుచుకునేది మగాడు.
గెలిస్తే చరుచుకునేదీ వాడే.
పక్కన జబ్బు చేరిందో
ఆ మాటకి గొంతు తగ్గిపోతుంది.
అనసూయత్త పోయిననాడు
"ఆడవాళ్ళ జబ్బులే" అని
మగవాళ్ళం వసారాలో రాజకీయాలు మాట్లాడుకున్నాం.

డాక్టరమ్మ అడిగింది, మీ వైపు ఎవరికైనా ఉందా?
మా నాన్న చెల్లెలు.
నెత్తురు ఆ వైపుదే నాదీ.
ముప్పయ్యేళ్ళ తర్వాత అత్త పేరు
అక్షరం అక్షరం చెప్పి రాయించాను.

డిపోలో కీత్ అడిగాడు, అన్ని రోజులు సెలవెందుకని.
గుండె అందామనుకున్నాను.
గుండె మర్యాదగల జబ్బు.
"రొమ్ము" అన్నాను.

నవ్వబోయి ఆగాడు.
కప్పు కింద పెట్టాడు.
ఏదో వెతుకుతున్నట్టు
జాకెట్ జిప్పు లాగి
చెయ్యి లోపలికి పోనిచ్చాడు.